రెండు ఫ్రేముల నడుమ తలంబ్రాల గింజ

బీదర్‌లో మా అన్న కూతురి పెళ్లి వీడియో చేతికొచ్చిన రోజు ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. బీదర్ ఇప్పుడు కర్ణాటకలో ఉన్నా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లానే. మాలాంటి ఇళ్లల్లో పెళ్లంటే మాటలు తెలుగులో, ఇరుగుపొరుగు పలకరింపులు కన్నడంలో, వంటవాళ్లతో బేరం దక్కనీ ఉర్దూలో నడుస్తాయి. వీడియోలో తలంబ్రాల ఘట్టం వచ్చేసరికి స్టూడియో వాళ్లు వేగం బాగా తగ్గించారు. పసుపు కలిపిన బియ్యం దోసిట్లోంచి జారి, పెళ్లికొడుకు తల మీద పడి చెల్లాచెదురయ్యే ఆ క్షణాన్ని గింజ గింజగా చూడాలని అందరి ఆశ.

గింజలు కనిపించలేదు. దోసిలి అంచున పసుపు చారలు మొదలై, గాల్లో కరిగిపోయి, జానెడు కిందుగా మళ్లీ పుట్టుకొచ్చాయి. పెళ్లికూతురి చేతికి ఒక చోట ఏడు వేళ్లు కనిపించాయి. "చిన్నాయనా, బియ్యం మధ్యల మాయమైనయ్ చూడు" అంది పెళ్లికూతురి చెల్లెలు. రిమోట్ తీసుకుని నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూపించింది కూడా.

మర్నాడు స్టూడియోకి వెళ్లాను. ఎడిటింగ్ చేసే కుర్రాడు ఏదీ దాచకుండా చూపించాడు. కెమెరా సెకనుకు 25 ఫ్రేములు తీసింది. వేగం నాలుగో వంతుకు తగ్గించాలంటే ప్రతి రెండు ఫ్రేముల మధ్యా మరో మూడు కావాలి. అవి కెమెరా ఎన్నడూ తీయనివి. సాఫ్ట్‌వేర్‌లో మూడు దారులున్నాయి. ఉన్న ఫ్రేమునే మళ్లీ మళ్లీ చూపించడం ఒకటి. పక్కపక్క ఫ్రేములను కలిపేయడం రెండోది. కదలికను లెక్కగట్టి కొత్త ఫ్రేము తయారు చేయడం మూడోది. అతను మూడోది ఎంచుకున్నాడు. "మిగతా సీన్లన్నీ బాగనే వచ్చినయ్ అన్నా, బియ్యం కాడనే ఆగమైంది" అన్నాడు. నిజమే. పల్లకి నడక, తోరణాల ఊపు, పెళ్లికొడుకు తల తిప్పడం, అన్నీ వెన్నలా వచ్చాయి. లేని బొమ్మను అంత నమ్మకంగా తయారు చేయడం యంత్రానికి ఎవరు నేర్పారు, గింజ దగ్గర ఎందుకు తడబడింది అన్న రెండు ప్రశ్నలు నన్ను వదల్లేదు.

రెండో దారి ఎందుకు చాలదో ముందు చెప్పాలి. క్రికెట్ బంతి ఒక ఫ్రేములో పిచ్ మధ్యన, తర్వాతి ఫ్రేములో బ్యాట్ దగ్గర ఉందనుకోండి. రెండింటినీ సగం సగం కలిపితే నడుమ దారిలో బంతి ఉండదు. అటొకటి ఇటొకటి, వెలిసిపోయిన రెండు బంతులు కనిపిస్తాయి. రంగులను సరాసరి తీస్తే నీడలు వస్తాయి, కదలిక రాదు. నడుమ బొమ్మ కావాలంటే రంగును వదిలి చోటును పట్టుకోవాలి. ఈ ముక్క ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో తెలిస్తే సగం దారిలో దాన్ని నిలబెట్టొచ్చు. కష్టమంతా ఆ ఒక్క సంగతి తెలుసుకోవడంలోనే ఉంది.

బొమ్మల సినిమాల వాళ్లకు ఈ కష్టం లేదు, ఎందుకంటే అక్కడ గీసేది మనిషి. డిస్నీ వంటి సంస్థల్లో పెద్ద చిత్రకారులు ముఖ్యమైన భంగిమలు మాత్రం గీసేవారు. మధ్య భంగిమలు గీయడానికి సహాయకులు వేరే ఉండేవారు. 1969లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక సదస్సులో డిస్నీ చిత్రకారుడొకరు ఈ పనివిభజన గురించి చెబుతుంటే, కెనడా జాతీయ పరిశోధనా మండలి నుంచి వచ్చిన నెస్టర్ బర్ట్‌నిక్ విన్నాడు. ఆ మధ్య పని కంప్యూటర్ చేయగలదని ఆయనకు తోచింది. ఒటావాకు తిరిగొచ్చి, సహచరుడు మార్సెలీ వైన్‌తో కలిసి ఆ పద్ధతిని తయారు చేశాడు. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు మొదటి బొమ్మలోని గీతల మీద బిందువులు, చివరి బొమ్మలోని గీతల మీద వాటికి జోడీ బిందువులు ఉంటాయి. ఏ చుక్క ఏ చుక్కగా మారాలో చిత్రకారుడే చెబుతాడు, నడుమ దారి కంప్యూటర్ వేస్తుంది. పీటర్ ఫోల్డెస్ దానితో తీసిన 'లా ఫ్యాం' అనే చిన్న సినిమా 1974లో వచ్చింది. ఆ పేరుకు అర్థం ఆకలి. ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. బర్ట్‌నిక్‌నూ వైన్‌నూ 1997లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారంతో గౌరవించింది.

మా పెళ్లి వీడియోలో చుక్కలు పెట్టేవాడు లేడు. కెమెరా ఇచ్చేది అంకెల గుట్ట, ఒక్కో పిక్సెల్‌కు ఇంత వెలుగు, ఇంత రంగు అని. అందులో చెయ్యేదో, పూలదండేదో, ఏ ముక్క ఎటు వెళ్లిందో యంత్రం తనంతట తాను కనిపెట్టాలి. దీన్ని మొదట గట్టిగా పట్టుకున్నవాళ్లు మధ్య ఫ్రేముల కోసం పట్టుకోలేదు. వాళ్లకు కావలసింది ఆదా. టెలివిజన్ బొమ్మను ఫోన్ తీగల మీద, ఉపగ్రహాల మీద పంపాలంటే ఖర్చు తడిసి మోపెడయ్యే కాలం అది. ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మారేది కొంచెమే అయినప్పుడు మొత్తం మళ్లీ పంపడమెందుకు? ఈ ముక్క నాలుగు పిక్సెళ్లు కుడికి జరిగింది అని చెబితే చాలదా? మిలాన్ పాలిటెక్నిక్‌కు చెందిన ఫాబియో రోకా 1969లోనే ఈ ఆలోచనను సదస్సు ముందు పెట్టాడు. ముంబైలో పుట్టి, ఐఐటీ బాంబేలో చదివి, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు చేరిన అరుణ్ నేత్రావళి, జె. డి. రాబిన్స్‌తో కలిసి 1979లో రాసిన వ్యాసంలో ప్రతి పిక్సెల్ కదలికనూ పక్క పిక్సెల్ అంచనా నుంచి దిద్దుకుంటూ పోయే పద్ధతి చూపించాడు. ఆ నేత్రావళే తర్వాత బెల్ ల్యాబ్స్‌కు అధ్యక్షుడయ్యాడు.

కథ ఇక్కడికొచ్చాక నాకు కాస్త నెమ్మదిగా నడవాలనిపిస్తుంది. ఈ మలుపులో ఒక కన్నడ నేలవాడూ, ఒక తెలుగు ఇంటిపేరున్న ఆయనా కనిపిస్తారు కనుక.

బెంగళూరులో పుట్టి అక్కడే ఇంజనీరింగ్ చదివిన నాసిర్ అహ్మద్, మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో 1952లో పట్టా పుచ్చుకున్న కామిశెట్టి రామమోహనరావు, ఇద్దరూ 1966లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం నుంచే డాక్టరేట్ అందుకున్నారు. అహ్మద్ కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కుదురుకున్నాడు. రామమోహనరావు ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చేరి దశాబ్దాల పాటు అక్కడే పాఠాలు చెప్పారు. ప్రపంచానికి ఆయన కె. ఆర్. రావుగా తెలుసు. బొమ్మలోని అంకెలను తక్కువ అంకెల్లో ఇమిడ్చే ఒక గణిత పద్ధతి కోసం 1972లో అహ్మద్ అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగాడు. రాలేదు. అయినా ఊరుకోకుండా 1973 వేసవి సెలవుల్లో తన పరిశోధక విద్యార్థి టి. నటరాజన్‌తో కలిసి ఆ పని చేశాడు, రావుగారినీ కలుపుకున్నాడు. ముగ్గురి పేర్ల మీద 1974 జనవరిలో వ్యాసం వెలువడింది. అదే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డీసీటీ. ఎనిమిదీ ఎనిమిది చొప్పున 64 పిక్సెళ్ల గడిని 64 వేరే అంకెలుగా మారుస్తుంది. వాటిలో మొదటి కొన్నింటిలోనే బొమ్మ సారమంతా చేరుతుంది, మిగతావి చాలావరకు పారేసినా కంటికి తెలియదు. ఫోన్‌లోని ప్రతి జేపెగ్ ఫొటో వెనుకా ఆ వ్యాసం ఉంది.

ఒక నిశ్చల చిత్రాన్ని కుదించడానికి డీసీటీ చాలు. కదిలే బొమ్మకు దాని పక్కన కదలిక లెక్క కూడా కావాలి. అందుకు ఎక్కువమంది పట్టుకున్న మార్గం గడి పోలిక. కొత్త ఫ్రేములో పదహారు పిక్సెళ్ల చదరం ఒకటి తీసుకుని, పాత ఫ్రేములో దాని చుట్టుపక్కల జరుపుతూ ఎక్కడ బాగా అతుకుతుందో వెతుకుతారు. అతికిన చోటికీ ఇప్పటి చోటికీ ఉన్న తేడాయే మోషన్ వెక్టర్. వినడానికి తేలిక, చేయడానికి భారం. ఎటుచూసినా ఏడేసి పిక్సెళ్ల దూరం వెతకాలంటే ఒక్కో గడికి 225 చోట్లు. ఒక్కో చోటా 256 పిక్సెళ్ల తేడా లెక్కకట్టాలి. అంటే ఒక్క గడికే 57,600 తీసివేతలు. 352 నిలువు వరుసలు, 288 అడ్డ వరుసలు ఉన్న చిన్న బొమ్మలో అలాంటి గడులు 396 ఉంటాయి. సెకనుకు 30 ఫ్రేములనుకుంటే 68 కోట్లకు పైగా తీసివేతలు. ఇప్పుడది జేబులో ఫోన్ చేసే పని. 1980లలో ఒక గది నిండా యంత్రాలు పెట్టినా మాటలు కాదు.

అందుకని అందరూ అడ్డదారులు వెతికారు. 1981లో జపాన్‌లో కోగా బృందం మూడంచెల వెతుకులాట పెట్టింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో జస్వంత్ జైన్, అనిల్ జైన్ ఇంకో దారి చూపించారు. 1985లో ఆర్. శ్రీనివాసన్, కె. ఆర్. రావు కలిసి ప్రచురించిన పద్ధతి వీటన్నిటికంటే సాదాసీదాగా ఉంటుంది. దాని సరళమైన రూపం ఇది. కొత్త ఊళ్లో ఇల్లు వెతికేవాడు ముందు వీధి వెంట అటూ ఇటూ నడిచి, దగ్గరవుతున్న వైపు సాగి, ఇంక దగ్గరవడం లేదన్నచోట ఆగి, అక్కడి నుంచి సందులోకి తిరిగినట్టు, గడిని మొదట ఎడమకూ కుడికీ మాత్రమే జరపాలి. తేడా తగ్గే వైపే ఒక్కొక్క పిక్సెల్ చొప్పున వెళ్లాలి. తగ్గడం ఆగినచోట నిలబడి, ఇక పైకీ కిందికీ. 225 చోట్లు చూడాల్సిన దగ్గర ఎంత ఎక్కువైనా 17 చోట్లతో పని ముగుస్తుంది. దీనిలో ఒక ప్రమాదముంది. మొదటి వీధిలోనే తప్పు చోట ఆగితే అసలు ఇల్లు ఎప్పటికీ కనబడదు. ఆ సంగతి తెలిసే, 225 చోట్లు చూసే తాహతు లేని యంత్రాల కోసం ఆ బేరం ఒప్పుకున్నారు.

గడి కదలికను వెక్టర్‌తో చెప్పి, మిగిలిన తేడాను డీసీటీతో కుదించడం అనే జంట పద్ధతి 1990 నాటి హెచ్.261 ప్రమాణంలోకి, 1993 నాటి ఎంపెగ్‌-1లోకి, అక్కడి నుంచి వీసీడీ, డీవీడీ, కేబుల్, ఫోన్ దాకా ప్రవహించింది. ఎంపెగ్‌లో బీ ఫ్రేమనే రకం ఒకటుంది. అది ముందు ఫ్రేము నుంచీ వెనుక ఫ్రేము నుంచీ ముక్కలు తెచ్చుకుని నడుమ బొమ్మను కడుతుంది. మా ఇంటి పెళ్లి పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైలులో ఈ రెండు ఆలోచనల వారసత్వమూ ఉంది. కె. ఆర్. రావుగారు 2021 జనవరిలో కన్నుమూశారు. తెలుగు ఇళ్లల్లో పెళ్లి వీడియోలు చూస్తూ పెరిగిన మనకు ఆ పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. సినిమా పాట ఎవరు రాశారో చెప్పగలం, ఆ పాట ఫోన్‌లోకి రావడానికి కారణమైన ఆయన పేరు చెప్పలేం.

ఇంతకీ మధ్య ఫ్రేము ఎక్కడ? వెక్టర్ చేతికొచ్చాక నడుమ బొమ్మ తేలికే అనిపిస్తుంది. గడి ఎనిమిది పిక్సెళ్లు జరిగిందంటే నాలుగు పిక్సెళ్ల దగ్గర పెట్టేస్తే సరి. అలా చేసి చూసినవాళ్లకు బొమ్మ ముక్కలు ముక్కలుగా చిరిగి కనిపించింది. ఎందుకంటే ఆదా కోసం వెతికే వెక్టర్‌కు నిజంతో పని లేదు. తెల్లటి గోడ ముందున్న ఒక గడి ఆ గోడలోనే మరో తెల్లటి ముక్కతో చక్కగా అతికిందనుకోండి, కుదించేవాడికి లాభమే. గోడ నిజంగా కదలలేదని అతనికి అక్కర్లేదు. పోలిక తప్పినా నష్టం లేదు, మిగిలిన తేడా వెనకాలే వచ్చి దిద్దుతుంది. మధ్య ఫ్రేముకు అలా దిద్దేవాళ్లు లేరు. అక్కడ అసలు బొమ్మే లేదు, తేడా దేనితో తీస్తారు? తప్పు వెక్టర్ ఏ ముక్కను ఎక్కడ పెడితే కంటికి అక్కడే కనిపిస్తుంది. ఆదా చేసేవాడి పోలికకూ, బొమ్మ కల్పించేవాడికి కావలసిన నిజమైన కదలికకూ ఉన్న ఈ ఎడమే ఈ కథకు గుండెకాయ అని నా నమ్మకం. తలంబ్రాల గింజ తడబడిందీ ఈ ఎడంలోనే.

నిజమైన కదలికను వెతికినవాళ్లు వేరే గుంపు, యంత్రాలకు చూపు నేర్పాలనుకున్నవాళ్లు. 1981లో బెర్తోల్డ్ హార్న్, బ్రయన్ షంక్ ఒక పద్ధతి, బ్రూస్ లూకాస్, టకియో కనాడే ఇంకో పద్ధతి ఇచ్చారు. దీన్నే ఆప్టికల్ ఫ్లో అంటారు. వాళ్ల ముందున్న చిక్కు మనింట్లోనే చూడొచ్చు. తలుపు సందులోంచి అవతల వెళ్తున్న మనిషి చీర అంచు మాత్రం కనిపిస్తోంది. అంచు తిన్నని గీత. అది పైకీ కిందికీ కదిలితే తెలుస్తుంది. గీత వెంటే జరిగితే మాత్రం ఏ మార్పూ కనబడదు. చిన్న సందులోంచి చూసే ఏ గడికైనా ఈ అవస్థ తప్పదు. హార్న్, షంక్ చెప్పిన విరుగుడు ఏమిటంటే, పక్కపక్క బిందువులు ఇంచుమించు ఒకేలా కదులుతాయని నమ్మి, తెలియనిచోట పొరుగువారి కదలికను అరువు తెచ్చుకోవడం.

టీవీ లోకంలో దీని అవసరం వేరే రకంగా ముదిరింది. అమెరికా, జపాన్ టీవీలు సెకనుకు ఇంచుమించు 30 ఫ్రేములు చూపిస్తాయి. ఐరోపా, ఇండియాలవి 25. సినిమాది 24. అటు ఆట ఇటు చూపించాలంటే ఫ్రేముల లెక్క మారాలి, అంటే లేని ఫ్రేములు పుట్టాలి. బీబీసీ పరిశోధకుడు గ్రాహం థామస్ 1987లో ఫేజ్ కోరిలేషన్‌తో టీవీ కదలికను కొలిచే పద్ధతిని వివరించాడు. ఆ తోవలో 1990లలో ప్రసార సంస్థల కోసం మార్పిడి యంత్రాలు వచ్చాయి. నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్‌లో జెరార్డ్ డి హాన్ ఇంటి టీవీలో పట్టేంత చవకగా ఆ పని చేయించాడు. 1993లో ఆయన బృందం ప్రచురించిన వ్యాసం పేరులోనే నిజమైన కదలిక అన్న మాట ఉంది. ఆయన నమ్మినవి రెండే సంగతులు. వస్తువులు గడికంటే పెద్దవి, కాబట్టి పక్క గడి కదలిక ఇక్కడా సరిపోవచ్చు. వస్తువులకు జడత్వం ఉంటుంది, కాబట్టి క్రితం ఫ్రేములోని కదలిక ఇప్పుడూ సాగుతూ ఉండొచ్చు. అందుకని ప్రతి గడికీ కొత్తగా లోకమంతా వెతకకుండా, పొరుగు గడుల వెక్టర్లలో కొన్ని, నిన్నటి వెక్టర్లలో కొన్ని, వాటికి చిన్న మార్పు చేసినవి ఒకటి రెండు మాత్రమే పరీక్షించాడు. తక్కువ వెతికాడు, అయినా నిజానికి ఎక్కువ దగ్గరయ్యాడు. ఎందుకంటే అతని పద్ధతి గడిని ఒంటరిగా చూడలేదు. 1990ల మధ్య నుంచి ఆ చిప్‌లు ఫిలిప్స్ టీవీల్లోకి వచ్చాయి.

ఇక్కడ తలంబ్రాల లెక్క చెప్పాలి. దోసిట్లోంచి జారిన గింజ అడుగు దూరం పడేసరికి దాని వేగం సెకనుకు దాదాపు 2.4 మీటర్లు. సెకనుకు 25 ఫ్రేములంటే రెండు ఫ్రేముల మధ్య అది ఇంచుమించు 10 సెంటీమీటర్లు పడిపోతుంది. గింజ పొడవు 6 మిల్లీమీటర్లు. అంటే తన పొడవుకు పదహారు రెట్లు ఒక్క దూకు. చుట్టూ అచ్చం తనలాంటివే వందలు. డి హాన్ నమ్మిన రెండు సంగతుల్లో మొదటిది ఇక్కడ చెల్లదు, గింజ గడికంటే చిన్నది. రెండోది గింజకు వర్తించినా, ఏ గింజ ఏదో తెలిస్తే గదా వర్తింపజేయడం! ఇంకొక చేదు సంగతి కూడా ఉంది. షట్టర్ సెకనులో 50వ వంతు తెరిచి ఉంటే ఆ లోపలే గింజ 5 సెంటీమీటర్లు జారిపోతుంది. కాబట్టి కెమెరా తీసిన ఫ్రేములోనే గింజ లేదు, పసుపు దారం ఉంది. దాన్ని మళ్లీ గింజగా మార్చే లెక్క ఏ వెక్టర్ దగ్గరా లేదు.

మా అల్లుడు ఒకసారి సూర్యకిరణ్ విమానాల వీడియో తీసి ఇలాగే నెమ్మది చేసి చూపించాడు. వైమానిక దళం విన్యాస బృందం అది. బీదర్ స్థావరమే వాళ్ల ఇల్లు. తొమ్మిది హాక్ విమానాలు, తొమ్మిదీ ఒకే రంగు, ఒకే ఆకారం. వరుస మీద వెళ్తున్నప్పుడు ఒకదాని గడి పక్కదానికి అతికిపోయి, మధ్య ఫ్రేముల్లో విమానాలు వెనక్కి వెళ్తున్నట్టు కనిపించాయి. ఆ వీడియోలోనే మహమూద్ గవాన్ మదరసా మినార్ వెనుకగా ఒక విమానం దూరి బయటికొస్తుంది. 1472 నాటి ఆ కట్టడానికి మిగిలిన మినార్ అంచు దగ్గర మధ్య ఫ్రేముల్లో ఆకాశం మైనంలా వంగింది. ఇది పోలిక తప్పిన చిక్కు కాదు, దాపరికం చిక్కు. విమానం తోక మొదటి ఫ్రేములో కనిపించి, రెండో ఫ్రేముకు మినార్ చాటున దాగిపోయింది. ముక్కు మొదట దాగి, తర్వాత బయటపడింది. దాగిన ముక్కకు రెండో ఫ్రేములో జోడీ అనేదే లేదు. అలాంటి చోట రెండు ఫ్రేములను కలపకూడదు. దాగబోయేదాన్ని ముందు ఫ్రేము నుంచి, బయటపడబోయేదాన్ని తర్వాతి ఫ్రేము నుంచి తీసుకోవాలి. ఎక్కడ ఏది దాగిందో తెలుసుకోవడం కదలికను కనుక్కోవడమంత కష్టమైన పని.

2015లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ బృందం మరికొందరితో కలిసి, కదలికను మనం రాసిన సూత్రాలతో కాకుండా ఉదాహరణలతో నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌ను చేసింది. పేరు ఫ్లోనెట్. దానికి నేర్పడానికి నిజమైన వీడియోలు పనికిరాలేదు, వాటిలో ఏ పిక్సెల్ ఎక్కడికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. అందుకని ఫొటోల మీద కంప్యూటర్ కుర్చీల బొమ్మలను ఎగరేసి, 22 వేలకు పైగా జతల బొమ్మలు తయారు చేశారు. ఎగిరే కుర్చీలు చూసి నేర్చుకున్నది మనుషుల కదలికను కూడా పట్టుకోగలిగింది.

మధ్య ఫ్రేము విషయంలో 2018 నాటి సూపర్ స్లోమో నాకు బాగా నచ్చిన మెట్టు. హువాయిజు జియాంగ్ ముందుండి రాసిన ఆ వ్యాసంలో ఎన్విడియా పరిశోధకులు కూడా ఉన్నారు. వాళ్లలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో చదువుకున్న వరుణ్ జంపాని ఒకరు. సెకనుకు 240 ఫ్రేములు తీసిన 1,132 వీడియో ముక్కలు పోగుచేశారు. మధ్య ఫ్రేములను తీసి దాచిపెట్టి, అటూ ఇటూ ఉన్నవి మాత్రం యంత్రానికి చూపించి, నడుమ ఏముందో చెప్పమన్నారు. చెప్పినదాన్ని దాచిన నిజంతో సరిపోల్చి దిద్దారు. డి హాన్ కాలంలో దిద్దేవాళ్లు లేని బొమ్మకు ఇప్పుడు దిద్దేవాళ్లు దొరికారు. ఆ యంత్రం కదలికతో పాటు, ప్రతి పిక్సెల్ ఏ ఫ్రేములో కనిపిస్తోంది, ఏ ఫ్రేములో దాగింది అని ఒక పటం కూడా గీస్తుంది. మినార్ చాటు విమానానికి కావలసిన మందు అదే. తర్వాత డెయిన్, రైఫ్, ఫిల్మ్ అనే పద్ధతులు వరసగా వచ్చాయి. కంప్యూటర్ ఆటల్లో 2022 నుంచి ఎన్విడియా కార్డులు మధ్య ఫ్రేములు పుట్టిస్తున్నాయి. ఆటలో ఏ వస్తువు ఎటు కదిలిందో ఆటకే తెలుసు కాబట్టి ఆ వెక్టర్లను నేరుగా అందిస్తుంది. ఒటావాలో చిత్రకారుడు పెట్టిన చుక్కలు మళ్లీ వచ్చినట్టే.

ఈ విద్యను ఎక్కడ వాడాలన్నది వేరే తగువు. కొత్త టీవీ కొనగానే అందులో మధ్య ఫ్రేములు పుట్టించే మీట వేసే ఉంటుంది. దానితో 24 ఫ్రేముల 'మాయాబజార్' చూస్తే మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం సీరియల్‌లా జారిపోతుంది. 2018లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్‌క్వారీ ఆ మీట ఆపేయమని వీడియో పెట్టి ప్రేక్షకులను కోరారు. నేను మా ఇంట్లో సినిమాలకు ఆపేస్తాను, క్రికెట్‌కు వేస్తాను. అదే ఏడాది పీటర్ జాక్సన్ మొదటి ప్రపంచ యుద్ధం నాటి తడబడే ఫిల్మును 24 ఫ్రేములకు సరిదిద్ది, సైనికులను మనుషుల్లా నడిపించినప్పుడు మాత్రం ఇదే విద్యకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

మొన్న మాఘమాసంలో చిన్నదాని పెళ్లి జరిగింది. అదే స్టూడియో, అదే కుర్రాడు. తలంబ్రాల ముందు నన్ను పిలిచి కెమెరా తెర చూపించాడు. సెకనుకు 100 ఫ్రేములు, షట్టర్ 500వ వంతు, చీకటి కాకుండా పక్కన ఇంకో రెండు దీపాలు. ఇప్పుడు ఒక ఫ్రేములో గింజ జారేది అర సెంటీమీటరు. అంటే గింజ గింజలాగే ఉంటుంది. వేగం నాలుగో వంతుకు తగ్గించినా సాఫ్ట్‌వేర్ ఒక్క ఫ్రేము కూడా కల్పించనక్కర్లేదు.

వీడియో వచ్చాక చూశాం. దోసిట్లోంచి బియ్యం విడివిడిగా, ఒక్కో గింజ తన చుట్టూ తాను తిరుగుతూ పడింది. చివరి రెండు మూడు గింజలు వేలి సందుల్లోంచి రాలేచోట మాత్రం కుర్రాడు వేగాన్ని ఇంకా సగానికి తగ్గించాడు. అక్కడ ఒకటి కెమెరాది, ఒకటి యంత్రానిది, వరసగా. ఏది ఏదో చెప్పమని చిన్నది రిమోట్ నా చేతికిచ్చింది. ఒక్కో ఫ్రేమూ ఆపుతూ వెళ్లాను. చాలాసేపు తెలియలేదు. పెళ్లికొడుకు చూపుడువేలి వెనుక ఒక గింజ దాగబోయే దగ్గర, గోరు అంచు వెంట్రుకవాసి వంగింది. అక్కడ ఆపాను.